కోళ్ల గూట్లో దూరిన దొంగ: శిబి చక్రవర్తి అయితే ఏం చేసేవాడు?

 

పోయిన వారం మన ఛానల్‌లో శిబి చక్రవర్తి కథ చెప్పుకున్నాం కదా. అది చూసి ఒక అక్క అడిగారు: "తమ్ముడూ, మా పెరట్లో కోళ్లను రాత్రిపూట ఏదో ఎత్తుకుపోతోంది. మందు పెట్టి చంపేద్దామంటున్నారు మావారు. చంపితే పాపమా? చూస్తూ ఊరుకుంటే ఆ కోళ్ల ఉసురు నాకు తగలదా?"

ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఇదే ప్రశ్న మా ఇంట్లోనూ వచ్చింది. అప్పుడు నేను తప్పు జవాబు ఇచ్చాను. ఆ సంగతి చెప్పాకే మిగతాది చెప్పడం న్యాయం.

మా అమ్మమ్మ వాళ్ళది తిరుపతికి దగ్గర్లో శేషాచలం కొండల కింద ఒక పల్లె. పోయిన కార్తీక మాసంలో వర్క్ ఫ్రమ్ హోమ్ తీసుకుని అక్కడే ఉన్నాను. అమ్మమ్మకు పది పన్నెండు నాటుకోళ్లు. గుడ్లు అమ్ముకున్న డబ్బులే ఆమె చేతి ఖర్చు. మూడు రాత్రుల్లో ఐదు పెట్టలు పోయాయి. అందులో ఒకటి పొదుగు మీద ఉన్నది. పొద్దున్నే చల్లబడిపోయిన గుడ్లు పట్టుకుని అమ్మమ్మ అలా కూర్చుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

మామయ్య కోడి పేగుల్లో పొలానికి వాడే గుళికల మందు కలిపాడు. పక్కన టార్చ్ పట్టుకుని నిలబడింది నేనే. "వద్దు మామా" అని ఒక్క మాట అనలేదు.

తెల్లారేసరికి చచ్చిపోయి ఉన్నది దొంగ కాదు, మా నల్లోడు. ఎనిమిదేళ్లుగా ఆ గడప దగ్గర పడుకున్న కుక్క. ఆ రాత్రి కూడా గూటికి కాపలాగానే తిరిగి ఉంటాడు పాపం. ఆ మరుసటి రాత్రి ఇంకో కోడి పోయింది.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. ఆఫీసులో ఏదైనా ఆగిపోతే ముందు లాగ్స్ చూస్తాం. ఏం జరిగిందో తెలియకుండా కోడ్ మీద చెయ్యి వెయ్యం. ఇంట్లో మాత్రం ఆ బుద్ధి పనిచేయలేదు. నల్లోడు పోయాక గానీ పాత ఫోన్ ఒకటి గూటికి ఎదురుగా పెట్టి, బల్బు వెలిగించి, రాత్రంతా రికార్డు చేయాలని తోచలేదు.

పంచతంత్రంలో ముంగిస కథ చిన్నప్పుడే విన్నాం. మూతికి రక్తం ఉందని, బిడ్డను చంపేసిందనుకుని ఆ తల్లి ముంగిసను కొట్టి చంపుతుంది. లోపలికి వెళ్తే బిడ్డ నవ్వుతూ ఉంటాడు, పక్కన ముంగిస చంపిన పాము పడి ఉంటుంది. ఆ కథ ఎన్నిసార్లు విన్నా, అది మన గురించే అని మాత్రం అనుకోం.

ఫోన్‌లో కనిపించింది ఏంటో తెలుసా? సన్నటి మూతి, వీపు మీద నల్లటి చారలు, పక్కలంతా మచ్చలు, తోకకు కడియాలు తొడిగినట్టు నలుపు తెలుపు పట్టీలు. పునుగు పిల్లి.

అమ్మమ్మ ఆ వీడియో చూసి రెండు చేతులూ జోడించింది. తిరుమలలో శుక్రవారం అభిషేకం అయ్యాక శ్రీవారి మూలమూర్తికి పూసేది ఈ పునుగు తైలమే. ఆ సేవ కోసం దేవస్థానం వాళ్ళు పునుగు పిల్లులను సాకిన సంగతి కూడా మన వైపు చాలామందికి తెలుసు. స్వామికి పరిమళం ఇచ్చే ప్రాణికి మేం గుళికల మందు పెట్టాం.

ఇక్కడితో ఆపేస్తే కథ బాగుంటుంది. కానీ అమ్మమ్మ ఇంకో మాట అంది: "పునుగు కాబట్టి దండం పెట్టినా నాయనా. అదే అడివి పిల్లి అయ్యుంటే మందు పెట్టొచ్చునా? ఆ కొండా స్వామిదే, కొండలో తిరిగేదీ స్వామిదే."

నా దగ్గర సమాధానం లేదు. అప్పుడే శిబి కథ నాకు కొత్తగా అర్థమైంది.

అగ్ని పావురంగా వచ్చి శిబి ఒళ్ళో వాలాడు. ఇంద్రుడు డేగగా వెంటపడి వచ్చాడు. డేగ అడిగింది న్యాయమైన ప్రశ్నే: "దేవుడు నాకు పెట్టిన ఆహారం ఇది. దాన్ని కాపాడి నన్ను ఆకలితో చంపడం ధర్మమా?" చూడండి, శిబి చక్రవర్తి. విల్లుంది, సైన్యం ఉంది. డేగను కొట్టి తరిమేయడం ఎంతసేపు? ఆ పని చేయలేదు. శరణన్న పావురాన్నీ వదల్లేదు. తూకానికి సరిపడా తన ఒంటి మాంసం కోసి వేశాడు. ఎంత వేసినా పావురం వైపే బరువు తూగుతుంటే చివరికి తనే త్రాసులో కూర్చున్నాడు.

అంటే ఏంటి? ఆశ్రయం ఇచ్చింది నేను కాబట్టి దాని ఖరీదు కట్టాల్సింది కూడా నేనే. డేగ ప్రాణంతో ఆ బాకీ తీర్చకూడదు. అక్కా, మీ ప్రశ్నకు జవాబు ఇదే. కోళ్లను కాపాడటం మీ ధర్మం. ఆ కాపాడటానికయ్యే శ్రమ, ఖర్చు మీది.

"ఆ కోళ్లను రేపు మనమే కోసుకు తింటాం కదా, ఇంక ధర్మం ఏంటి?" అని మా మామయ్య నవ్వాడు. మహాభారతంలో కౌశికుడనే బ్రాహ్మణుడికి ధర్మం బోధించింది మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడు. మనం చేసే పని ఏదైనా, అక్కర్లేని హింస చేయకుండా ఉండే వీలు మన చేతుల్లో ఉంటుంది.

మనల్ని త్రాసులో కూర్చోమని ఎవరూ అడగట్లేదు. మేం చేసిందల్లా ఇంతే. మా గూటికి కింద చెక్క పుచ్చి నాలుగు వేళ్ళ సందు ఏర్పడింది. మూడు నెలలుగా చూస్తూ వదిలేశాం. దాన్ని మార్చాం. మెత్తటి కోళ్ల జాలీని ఇవి కొరికి, చింపి లోపలికి వస్తాయి కాబట్టి అది తీసేసి, అర అంగుళం కన్నాల వెల్డెడ్ జాలీ కొట్టించాం. కింద నుంచి తవ్వి రాకుండా ఆ జాలీని అడుగు లోతు భూమిలోకి దించాం. తలుపుకు కొక్కెం పెట్టి, చీకటి పడకముందే కోళ్లను లెక్కపెట్టి మూస్తున్నాం. మిగిలిన అన్నం, కోడి పేగులు పెరట్లో పారేయడం మానేశాం. గూటి చుట్టూ పొదలు కొట్టేశాం. మొత్తం ఖర్చు పోయిన కోళ్ల ఖరీదుకు మించలేదు.

పగటిపూట పిల్లలు పోతుంటే అది గద్ద పనో, ముంగిస పనో అయ్యుంటుంది. పిల్లలు పెద్దయ్యేదాకా గంప కింద మూసి ఉంచండి. కుక్కపిల్లను రాత్రి ఇంటి లోపల పడుకోబెట్టండి, దానికి రేబీస్ టీకా మర్చిపోవద్దు. అడవి జంతువు మిమ్మల్ని కరిచినా, గీరినా సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. చిరుత లాంటిది తిరుగుతుంటే మీరు వెంటపడొద్దు, అటవీశాఖకు చెప్పండి.

మందు, ఉచ్చు, కరెంటు తీగ మాత్రం వద్దే వద్దు. పునుగు, అడవి పిల్లి, ముంగిస, ఉడుము అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవే. చట్టం సంగతి అలా ఉంచితే, విషానికీ కరెంటుకీ ముందున్నది ఎవరో తెలియదు. మా నల్లోడికి అదే జరిగింది.

అన్నీ చేశాక ఒక్కటీ పోలేదని అబద్ధం చెప్పను. మొన్న ఒక పిల్లను గద్ద తన్నుకుపోయింది. అమ్మమ్మ కాసేపు ఆకాశం వైపు చూసి, మిగతావాటిని గంప కింద మూసి, ఎప్పటిలాగే కాకులకు అన్నం ముద్ద పెట్టింది. పెద్దలు చెప్పే భూతయజ్ఞం అంటే అదే. మనం తినేముందు మిగతా ప్రాణులకు కొంత తీసిపెట్టడం.

ఈ శనివారం దీపం పెట్టేటప్పుడు నల్లోడిని కూడా తలుచుకుంటాను. మీరు మాత్రం ఈరోజు సాయంత్రం దీపం వేళకు ముందు ఒకసారి పెరట్లోకి వెళ్ళి, మీ గూటికి ఏ మూల సందు ఉందో చూడండి.

గోవిందా గోవింద!