మనసులోని వేలము

బాపట్ల సీమలో వరికోతలు ముమ్మరముగా సాగు దినములలోనే ఇటీవలి కాలమున క్రికెట్టు ఆటగాండ్ర వేలము తరచుగా వచ్చుచున్నది. 2023వ సంవత్సరమున డిసెంబరు నెలలో అది దుబాయి నగరమున జరిగెను. 2024వ సంవత్సరమున నవంబరు నెలలో జెడ్డా నగరమున జరిగెను. దుబాయి యెక్కడ, కర్లపాలె మెక్కడ? అయినను ఆ వేలమునకు పక్షము దినములు ముందుగనే కర్లపాలెమువంటి గ్రామములలో వేరొక వేలము మొదలగును. టీ దుకాణముల బల్లలమీదను, కళాశాలకు బోవు బస్సులలోను, ఇంటి యరుగులమీదను గూర్చుండి యువకులు హైదరాబాదు జట్టును విప్పి మరల కట్టుచుందురు. ఎవరిని నిలుపుకొనవలెను, ఎవరిని విడిచిపెట్టవలెను, ఎవరి నిచ్చి యెవరిని మార్చుకొనవలెను అనునదియే వారి ప్రసంగము. 2024 నాటి వేలమున నొక్కొక్క జట్టు వెచ్చింపదగిన సొమ్ము 120 కోట్ల రూపాయలు. జట్టున 25 మందికి మించరాదు. వారిలో విదేశీయులు 8 మందికి మించరాదు. ఈ లెక్కలన్నియు వారికి కంఠపాఠములు. టీ ఖర్చు చెల్లింపవలసివచ్చినపుడు ఒకరి మొగ మొకరు చూచుకొనువారే కోట్లను లక్షలతో సహా సరిపెట్టుదురు.

పెద్దలు దీనిని పనిలేని పని యందురు. ఆ నింద యిచ్చట చెల్లదని మా యభిప్రాయము. చెల్లదగిన నింద మరియొకటి కలదు; దానిని మాత్రము పెద్దలు పలుకుట మేము వినలేదు. ఏల పలుకరో ముందు విన్నవించెదము.

లేనిదానిని మనసున నిర్మించుకొనుట పనికిమాలిన పనియే యైనచో, 1913వ సంవత్సరమున నిదే బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభకు గూడిన వారందరును పనికిమాలినవారే కావలెను. ఆనాడు ఆంధ్రరాష్ట్ర మను పేరు ఏ దొరతనమువారి పటమునందును లేదు. అది మొదట కొందరి తలలలో నేర్పడినది. 40 సంవత్సరములు గడచి 1953లో గాని భూమిపై నేర్పడలేదు. ఆ తలపునకును, ఆటజట్టును గూర్చిన ఈ తలపునకును ఏనుగునకును దోమకును గల భేద మున్నదని మేమెరుగుదుము. కాని రెంటికిని పనిచేయు మనశ్శక్తి యొక్కటియే.

మరియు నీ యూహ హద్దులు లేని యూహ కాదు. 2023లో హైదరాబాదువారు పాట్ కమిన్సు అను ఆస్ట్రేలియా బౌలరును 20 కోట్ల 50 లక్షలకు గొనిరి. ఒక్కని కంత వెచ్చించినచో మిగిలిన స్థానముల నేమి పెట్టి నింపవలెను? ఇది మన యిల్లాండ్రు నెలసరకుల పట్టీ వ్రాయునపుడు పడు యోచనయే. ఇంట చింతపండు ధర యెరుగని కుర్రవాడు ఈ పట్టీ వ్రాయునపుడు మాత్రము గృహస్థువలె తర్కించుచున్నాడు. మరుసటి సంవత్సరము కమిన్సు నాయకత్వమున జట్టు అంతిమ పోటీవరకు బోయి కలకత్తా జట్టు చేతిలో నోడెను. కొనినది మంచి బేరమా కాదా యను తగవు నేటికిని అరుగులమీద తెగలేదు.

ఇంతవరకు దోషమేమియు మాకు గనబడదు. దోష మెచ్చట మొదలగునో చూపుటకు ఒక యుదాహరణము చెప్పెదము.

2008వ సంవత్సరమున నీ పోటీలు తొలిసారి యేర్పడినపుడు, పేరుమోసిన కొందరాటగాండ్రను వేలము లేకయే వారివారి నగరముల జట్టులకు గేటాయించిరి. అట్టివానికి, ఆ జట్టున నందరికంటె నెక్కువ వేతనము పొందువానికంటెను నూటికి 15 వంతు లధికముగా నీయవలెనని నియమము. హైదరాబాదువారి దక్కను ఛార్జర్సు జట్టున నా గౌరవము వి.వి.యస్. లక్ష్మణునకు దక్కదగియుండెను. దానిని ఆయన వదలుకొనెను. తన కీయవలసిన సొమ్ము మిగిలినచో మంచి యాటగాండ్రను మరికొందరిని గొనవచ్చునని ఆయన తలంపు. ఆ యేడు మొదట ఆయనయే నాయకుడు. జట్టు మాత్రము ఎనిమిదింటిలో నెనిమిదవదిగా నిలిచెను. మరుసటి యేడు దక్షిణాఫ్రికాలో గిల్‌క్రిస్టు నాయకత్వమున నదే జట్టు కప్పు గెలిచెను. ఫలమటుండ నిండు, ఆదర్శమైన జట్టు నూహించిన మనుజుడు ఆ యూహకు గావలసిన వెల తానే చెల్లించెను. అరుగుమీది యూహకర్త వెలనంతయు నితరులచేత జెల్లింపించును. లక్ష్మణుడు తన పేరున కెదురుగా నున్న యంకెను దానే తగ్గించుకొనెను. ఇతడు పరుల పేరుల కెదురుగా నున్న యంకెలను దిద్దుచున్నాడు. కాగిత మొక్కటియే, పెన్సి లొక్కటియే. చేయుపనులు మాత్రము వేరు.

అమెరికావారు ఫుట్‌బాలని పిలుచు నాట మన మెరిగిన కాలిబంతి కాదు. బంతిని చేతబట్టి పరుగెత్తు నాట. అందు ఆటగాండ్రకు వేలము లేదు. జట్టులు వంతులవారీగా యువకుల నెన్నుకొనును. 1936లో నీ పద్ధతి యారంభమైనది. క్రిందటి యేడు కడపట నిలిచిన జట్టునకే మొదటి వంతు. ఇంట బలహీనుడైన బిడ్డకు తల్లి ముందుగా వడ్డించుటవంటి దిది. అచ్చటి యభిమానులును నెలల తరబడి ఇట్టి యూహాపట్టీలు వ్రాసికొనుచుందురు. ఎవరి వంతున కెవరు వచ్చెదరో, ఏ వంతును ఏ జట్టున కిచ్చి ఎవరిని బడయవచ్చునో గణించుచుందురు. న్యాయబుద్ధి యిందు లేదనరాదు. కాని ఆ న్యాయము జట్టునకును జట్టునకును నడుమ న్యాయము. ఎన్నుకొనబడిన యువకుడు ఏ యూర నుండగోరునో యెవరడిగిరి? 1936లో మొట్టమొదట నెన్నుకొనబడిన జే బెర్వాంగరు వృత్తిగా ఆ యాట నొక్కనాడును ఆడలేదు. వేరు జీవనమార్గము చూచుకొనెను. పట్టీలలో మొదటి పేరు, మైదానమున లేని మనిషి!

బెర్వాంగరు మాటలాడక తొలగెను. మాటలాడిన వాడొకడు కలడు. బేస్‌బా లాటలో కర్ట్ ఫ్లడ్డను నల్లజాతి యాటగాడు సెయింట్ లూయిస్ జట్టునకు 12 యేండ్లాడెను. 1969లో నాతనిని ఫిలడెల్ఫియా జట్టునకు మార్చివేసిరి. ఆతని నడిగినవారు లేరు. నేను కొని యమ్మదగిన సొత్తును గానని ఆతడు ఆ క్రీడాధికారికి లేఖ వ్రాసి, న్యాయస్థానమున వ్యాజ్యెము వేసెను. అది అత్యున్నత న్యాయస్థానమువరకు బోయి, 1972లో అయిదుగురు న్యాయాధిపతులు ప్రతికూలముగను మువ్వు రనుకూలముగను దీర్పుచెప్పగా ఓడెను. ఓడిన నేమి? కొలదియేండ్లలోనే ఆ యాటలో ఆటగాండ్రను గట్టివేసిన పాతనియమము సడలినది. మన సభాపర్వమున ద్రౌపది యడిగినదియు నిట్టి ప్రశ్నయే. పణముగా నొడ్డబడిన వస్తువు నోరు తెరచి, నన్నొడ్డుటకు నీకు గల హక్కేమని యడిగెను. ఆ సభలో నంతమంది పెద్ద లుండియు సమాధానము చెప్పలేకపోయిరి.

మన క్రికెట్టు వేలమునకు ఈ నింద తగులదని చదువరులు కొందరనవచ్చును. ఆటగాడు తన పేరును దానే నమోదు చేసికొనుచున్నాడు. తన మూలధర దానే చెప్పుకొనుచున్నాడు. జట్టులు తమలో దాము మార్చుకొనునపుడును ఆతని సమ్మతి కావలయును. వచ్చిన సొమ్ము ఆతనికే చేరుచున్నది. ఇది యంతయు సత్యము. హైదరాబాదులో ఆటో నడుపుకొను నొక తండ్రి కొడుకైన మహమ్మదు సిరాజును 2017లో హైదరాబాదు జట్టువారు 2 కోట్ల 60 లక్షలకు గొనిరి. ఆతని మూలధర 20 లక్షలు మాత్రమే. ఆ సుత్తిదెబ్బతో నొక కుటుంబము లేచి నిలిచినది. దీనిని బానిసల సంతతో బోల్చువాడు బానిసత్వము నెరుగనివాడు.

అయినను మన నాటకశాలను ఒకమారు తలచుకొనుడు. హరిశ్చంద్ర నాటకమున గాశీపుర వీథిలో చంద్రమతిని అమ్ము ఘట్టమునకు మన పల్లెల ప్రేక్షకులు తరతరములుగా కంటతడి పెట్టుచు వచ్చిరి. తన్నమ్ముమని పతిని గోరినది చంద్రమతియే. సమ్మతి యున్నదిగదా యని ప్రేక్షకు డెవ్వడైనను కన్నీరు తుడుచుకొనెనా? అమ్ముడుపోవుటకు దానే యొప్పుకొన్న మనుష్యుని చూచునపుడును చూచువానికొక ధర్మ మున్నదని ఆ తెల్లవారుజాము ప్రేక్షకు డెరుగును. వాని మనుమడు నేడు ఫోనుతెరపై వేలము చూచుచు, ఎవ్వరును గొనక విడిచిన యాటగానిని జూచి నవ్వుచున్నాడు.

దోష మిచ్చట నున్నది. అది సుత్తి క్రిందను లేదు, లెక్కలోను లేదు, నాలుకమీద నున్నది. "వానిని పారవేయుడు", "వాడు దండుగ", "వానికి రెండు కోట్లు కూడ ఎక్కువ" అను మాటలలో నున్నది. 2023లో తెలుగు టైటాన్సు కబడ్డి జట్టువారు పవన్ సెహ్రావతును 2 కోట్ల 60 లక్షల 50 వేలకు గొనిరి. అంతకు ముందటి యేడు వేరొక జట్టున తొలి పోటీయందే మోకాలు దెబ్బతిని ఆతడు ఆ పోటీల కంతటికిని దూరమైనవాడు. టైటాన్సు ఆ యేడు 22 పోటీలలో రెంటినే గెలిచి కడపట నిలిచిరి. పట్టీ వ్రాసినవానికి సొమ్ము దండుగయైనదను దుఃఖము వచ్చును గాని, ఆ మోకాలు తలంపునకు వచ్చుట యరుదు. ఆ సొమ్మువానిది కాదు. ఆ మోకాలు మాత్ర మొక మనుష్యునిది.

2016లో హైదరాబాదునకు కప్పు దెచ్చిన డేవిడ్ వార్నరును 2021లో పోటీల నడుమనే నాయకత్వమునుండి తొలగించి, పిదప జట్టునుండియే విడిచిపెట్టిరి. తెలుగు పాటలకు నాట్యమాడి ఇంటింటి బిడ్డయైన పరదేశి యాతడు. ఆ వార్త విని నొచ్చుకొన్నవారు కలరు. ఆతని స్థానమున నెవరిని గొనవలెనో ఆ రాత్రియే వ్రాసినవారును గలరు. ఇరువురు నొక్కరే యైన సందర్భములును లేకపోలేదు. 2023లో హార్దిక్ పాండ్యా గుజరాతు జట్టును విడిచి తన పూర్వపు ముంబయి జట్టునకు మరలివచ్చి నాయకుడయ్యెను. 2024లో ఆ నగరపు సొంత మైదానమునందే ప్రేక్షకులు ఆతనిని కేకలు వేసి యవమానించిరి. ఆత డేమి యపకారము చేసెను? వారు మనసున వ్రాసికొన్న పట్టీలో నాయకుని గడిలో వేరొకరి పేరున్నది, అంతియే.

ఇక పెద్దలు ఈ నింద నేల పలుకరో చెప్పవలసియున్నది. ఈ భాష వారిదే గనుక.

మన సారస్వతమున నాటకములకు "కన్యాశుల్కము" అనియు "వరవిక్రయము" అనియు బేరు లుండుట మన కేమియు వింతగా దోచదు. శుల్కమన నేమి, విక్రయమన నేమి? వరకట్నమును నిషేధించు చట్టము 1961లో వచ్చినది. అయినను మన డెల్టా గ్రామములలో సంబంధముల మాట వచ్చినపుడు అరుగుమీద నడచు ప్రసంగము నాలకింపుడు. వైద్యుడైనచో నింత, అమెరికాలో నుద్యోగమున్నచో నింత, ఇంత మాగాణి యున్నచో నింత. ఈ సంబంధము విడిచి ఆ సంబంధమును బట్టుకొనవలెను. మన పిల్ల రంగు తక్కువ గనుక మరి రెండెకరములు చేర్చవలెను. ప్రక్కగదిలో ఆ పిల్ల వినుచునే యుండును. అదే యింట బెరిగిన తమ్ముడు ఆ భాషను నేర్చుకొని ఆటగాండ్రకు బ్రయోగించుచున్నాడు. వాని పట్టీని జించివేయు తండ్రి తన జేబులోని పట్టీని చింపడు. రెంటిలోను తమ్ముని పట్టీయే మేలు. దానివలన నే యాటగానికిని బెండ్లి చెడదు.

ఈ వినోదమును మానుకొనుమని మేము యువకులకు జెప్పము. వారడిగినచో నొక్క కోరిక కోరుదుము. పట్టీలో ధర గడి కలదు, పరుగుల గడి కలదు, వికెట్ల గడి కలదు. ఆ మనిషి యేమి గోరుచున్నాడను గడి మరియొకటి గీయుడు. వాని యేండ్లెన్ని, వాని మోకా లెట్లున్నది, వాని భార్యాబిడ్డలే యూర నున్నారు? ఆ గడి చాలవరకు ఖాళీగానే యుండును. ఉండనిండు. ఖాళీగానున్న గడికి ప్రక్కన "పారవేయుడు" అని వ్రాయుటకు చేయి కొంచెము తడబడవలెను.

నిజమైన జట్టును గూర్చిన యనుభవము గావలసినచో దూర మేగ నక్కరలేదు. గ్రామమున కబడ్డి పోటీకి జట్టును గూర్చునపుడు ఆడవలసినవారు ఏడుగురు, వచ్చినవారు పదిమంది యగుదురు. అచ్చట సొమ్ము లేదు, సుత్తి లేదు. ఎనిమిదవవానితో, నీవు నేడు వెలుపల గూర్చుండుమని ఎదురుగా నిలిచి చెప్పవలెను. చెప్పినవాడును విన్నవాడును ఆ సాయంకాలము ఒకే మోటారు సైకిలుపై నింటికి బోవలెను.