తెరవరాని పుస్తకము

మా అనంతగిరిలో చదువుకొని, విశాఖపట్టణమున ఇంజనీరింగు ముగించి, ఇప్పుడు అమెరికాలో ఉద్యోగము చేయుచున్న నా పూర్వశిష్యుడొకడు గత సంక్రాంతికి స్వగ్రామమునకు వచ్చి నన్ను చూడవచ్చెను. వచ్చుచు మెత్తని గుడ్డలో చుట్టిన వస్తువొకటి తెచ్చి బల్లమీద పెట్టెను. అది గాజువలె తేటయైన గట్టి ప్లాస్టిక్కు పెట్టె. లోపల ఒక బొమ్మల కథల పుస్తకము. పెట్టె పైభాగమున పసుపుపచ్చని చీటీ. ఆ చీటీమీద 9.8 అను సంఖ్య; పుస్తకపు అట్టమీద ఒక చిత్రకారుని సంతకము. ఆ సమయమున మా వసతిగృహములోని అయిదవ తరగతి బాలిక యొకతె అచ్చట నుండెను. ఇంట కువి భాష మాటాడు ఆ పిల్లకు తెలుగు పుస్తకములయందు క్రొత్తగా రుచి పుట్టినది. ఆమె పెట్టెను అటు నిటు త్రిప్పి చూచి, "మాస్టారూ, ఇది ఎలా తెరవాలి?" అని అడిగెను. "తెరవకూడదమ్మా, తెరిస్తే విలువ పోతుంది" అని మావాడు చెప్పెను. "మరి లోపలి కథో?" అని ఆ పిల్ల. మావాడు నవ్వి ఊరకుండెను.

ఆమె వెళ్లిన పిమ్మట అతడు నాతో చెప్పిన మాట ఈ వ్యాసమునకు మూలము. "ఇలాంటివి ముప్పై దాకా కొన్నాను, మాస్టారూ. ఒకప్పుడు ఒక్కొక్కటి చేతికి వచ్చే ముందు రోజు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు ఆ బీరువా తలుపు తియ్యబుద్ధి కావడం లేదు. ఎందుకో తెలియదు." కోరిన వస్తువు చేతికి వచ్చిన పిమ్మట కోరిక చల్లారుట లోకసహజమే. కాని ఇతని విరక్తి అట్టిది కాదని నాకు తోచినది. అసలు ఆ వస్తువు వాని చేతికి వచ్చెనా యన్నదే నా సందేహము. పుస్తకమును కొనియు దానిని చదువజాలనివాడు కొన్నదేమి?

ఈ వర్తకమును ఎరుగని చదువరులకొరకు దాని తీరు కొంత చెప్పవలసియున్నది. అమెరికాలో 1930 తరువాతి దశకములలో బొమ్మల కథలు చవుక కాగితముపై అచ్చయి, పిల్లల చేతులలో నలిగి, తుదకు చెత్తలో కలిసెడివి. సూపర్‌మాన్ కథ తొలిసారి వెలువడిన 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక 1938లో 10 సెంట్లకు అమ్మబడినది. ఆ సంచిక ప్రతి యొకటి 2024 ఏప్రిల్ నెలలో 60 లక్షల డాలర్లకు అమ్ముడుపోయినది. పాత సంచికల ధరలు హెచ్చినకొలది, ఏ ప్రతి ఎంత చెక్కుచెదరక యున్నదో నిర్ణయించు మధ్యవర్తి అవసరమయ్యెను. 2000వ సంవత్సరమున సర్టిఫైడ్ గారంటీ కంపెనీ అను సంస్థ ఆ పనికి పూనుకొనెను. పరీక్షకులు పుటలు లెక్కించి, అట్ట మూలల అరుగుదలను, మడతలను, నడుమనున్న పిన్నుల తుప్పును, మరమ్మతుల జాడలను పరికించి, 0.5 మొదలు 10 వరకు ఒక సంఖ్య నిచ్చి, పుస్తకమును పెట్టెలో బిగింతురు. పెట్టెను పగులగొట్టినచో ఆ సంఖ్య చెల్లదు. అనగా ఆ పుటలను త్రిప్పిన కడపటి మనుష్యుడు ఆ పరీక్షకుడే. సంతకముల పద్ధతి మరియు విచిత్రము. చిత్రకారుడు సంతకము చేయునప్పుడు సంస్థ పక్షమున సాక్షి యొకడు నిలిచి చూచినచో పసుపు చీటీ లభించును. సాక్షి లేనిచో, ఆ సంతకము చిత్రకారుడు తన మిత్రునకు ప్రేమతో చేసి యిచ్చినదే యైనను, చాలకాలము దానికి దక్కినది లోపమును సూచించు ఆకుపచ్చ చీటీయే.

ఇందు గమనింపవలసిన మొదటి సంగతి యిది. 1938 నాటి ఆ సంచిక నేడు ఏల అపురూపమైనది? దానిని కొన్న బాలురు చదివిరి, మడిచి జేబులో పెట్టుకొనిరి, స్నేహితులకిచ్చిరి, చింపిరి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఇండ్లలోని పాత కాగితములనెల్ల యుద్ధావసరములకై ఇచ్చివేసిరి. మిగిలినవి కొన్నియే. చదివి చింపినవారి ప్రేమయే మిగిలినవానికి వెల కట్టినది. ఈ రహస్యమును గ్రహింపక తరువాతి తరమువారు ప్రతిఫలమును కోరి, కారణమును విడిచిరి. 1992 చివర సూపర్‌మాన్ మరణకథ నల్లని సంచిలో మూసి అమ్మబడినప్పుడు, లక్షలాది జనులు కొని, ఆ సంచిని విప్పకయే దాచిరి. అందరును దాచిన వస్తువు అపురూప మెట్లగును? ఆ ఉబ్బు త్వరలోనే చల్లారినది. పేరుమోసిన మార్వెల్ సంస్థయే 1996 డిసెంబరులో దివాలా రక్షణ కోరవలసి వచ్చెను. మహమ్మారి కాలమున, 2021 ప్రాంతమున, ధరలు మరల పైకెగసి, పిదప తగ్గినవి. 2023–24 సంధికాలమున కొందరు పెట్టెలను నేర్పుగా తెరచి లోని ప్రతులను మార్చి మూసిన మోసము బయటపడినది. పుస్తకమును నమ్మలేక పెట్టెను నమ్మినవారు, పెట్టెను సయితము అనుమానింపవలసి వచ్చెను.

ధరలు పడినందున మోజు తగ్గినదని వర్తకులందురు. అది సగము సత్యము. నూరు రూపాయల వస్తువు పది రూపాయలకు దిగినప్పుడు, దానిని నిజముగా ప్రేమించినవాడు సంతోషించి రెండవది కొనును. ధర దిగగానే ప్రేమ దిగినచో, అతడు ప్రేమించినది ధరనే యని తేలును. మావాడు తన లోభమును చూచి సిగ్గుపడుటలేదు. అతడు లోభి కాడు. చిన్ననాట తాను ప్రేమించిన కథకును, ఇప్పుడు తాను దాచిన సంఖ్యకును నడుమ నేమో తెగిపోయెనని మాత్రము అతనికి తోచుచున్నది. ఆ తెగిన దారము చదువుటయే.

సంతకమును గూర్చి కొంత విచారింతము. సంతకమన నేమి? ఒక మనుష్యుడు మరియొక మనుష్యుని ఎదుట నిలిచి, నేను ఇచ్చట నుంటినని వ్రాసి యిచ్చు గురుతు. దానికి వెల కట్టుటయే తప్పని నేననను. గాంధీమహాత్ముడు తన సంతకమునకు 5 రూపాయలు తీసికొనెడివాడు. ఆ సొమ్ము హరిజన నిధికి పోయెడిది. ఇచ్చినవాడు సంతకముతోపాటు ఒక ధర్మకార్యమున పాలు గొనెడివాడు. నేటి సభలలో వరుసలో నిలిచి రుసుము చెల్లించి, చిత్రకారుని ముఖమైనను సరిగా చూడక, సాక్షికి పుస్తకము నందించి వచ్చువానికి దక్కినదేమి? సమావేశము జరుగకయే దాని సాక్ష్యము మాత్రము జరిగినది.

మన తెలుగుదేశపు ఉదాహరణ మొకటి కలదు. నాగిరెడ్డి చక్రపాణిగార్లు 1947 జులైలో మద్రాసునుండి వెలువరించిన 'చందమామ' అట్టలకు వడ్డాది పాపయ్యగారు దశాబ్దముల తరబడి బొమ్మలు వేసిరి. శ్రీకాకుళమున 1921లో పుట్టి 1992లో గతించిన ఆ మహాచిత్రకారుడు బొమ్మ మూలన 'వ.పా' అని వ్రాసెడివాడు. ఆ రెండక్షరములు ప్రతి సంచికతోను అచ్చయి, జమీందారు బిడ్డకును కూలివాని బిడ్డకును సమానముగా అందినవి. ఎవరికిని ఎక్కువ లేదు, తక్కువ లేదు. సంతకము సర్వజనులసొత్తగుట నేను చూచినది అచ్చటనే.

ఇక శ్రేణీనిర్ణయమును గూర్చి. మా కొండలవారికి ఇది క్రొత్త కాదు. ఇచ్చటి గిరిజన రైతులు పండించు కాఫీకి 'అరకు లోయ అరబికా' అను పేర 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. గింజలను జల్లెడలతో పరిమాణము ననుసరించి వేరుచేసి, పుచ్చును విరుగుడును ఏరి, తుదకు వేయించి, పొడిచేసి, వేడినీరు పోసి, చెంచాతో త్రాగి చూచి మార్కులు వేయుదురు. త్రాగి చూచుటయే ఇందు పరమప్రమాణము. ఏ వస్తువు దేనికొరకు పుట్టెనో ఆ పనిచేతనే దానిని పరీక్షించుట న్యాయము. కాఫీగింజను పెట్టెలో బిగించి, ఎవడును త్రాగరాదని నియమము చేసి, దానికి 9.8 అని పేరుపెట్టినచో మా రైతు నవ్వును. పుస్తకము విషయమున మాత్రము మనము నవ్వము. అందలి కథ మంచిదో చెడ్డదో ఆ సంఖ్య చెప్పదు. చెప్పుదునని అనదు కూడ. అది అట్ట ఆరోగ్యమును చెప్పును. ఆ మాట మరచి, సంఖ్యయే గుణమని భ్రమించుట మన తప్పు.

ఇందుకు ప్రత్యుత్తరము లేకపోలేదు. దాచువారు లేనిచో పాతవి మిగులునా? నిజమే. సి. పి. బ్రౌను దొర వందలాది తాళపత్ర ప్రతులను సేకరింపనిచో మన సాహిత్యము ఎంత నశించియుండునో చెప్పలేము. కాని ఆయన సేకరించి తాళము వేయలేదు. పండితులకు జీతములిచ్చి ప్రతులు వ్రాయించి, పాఠములు సరిచూపించి, 1829లో వేమన పద్యములను అచ్చు వేయించెను. చందమామ ముద్రణ 2013 నాటికి ఆగిపోయినను, అభిమానులు తాము దాచిన పాత సంచికలను పుట పుటకును యంత్రముతో నకలు తీసి లోకమున కందించిరి. దాచుట రెండు విధములు: పరులకొరకు దాచుట, పరులనుండి దాచుట. మొదటిది దానము, రెండవది భయము. 60 లక్షల డాలర్ల ప్రతిని పిల్లల చేతికిమ్మని నేననను. అది మిగిలిన కొలదిపాటి వానిలో నొకటి. పదిమంది చూడగల చోట భద్రముగా నుండదగినది. కాని నిన్న అచ్చయి, వేలకొలది ప్రతులున్న దానిని కూడ చదువక బిగించుట రక్షణ కాదు. నవరాత్రులలో మనమును పుస్తకములను పీఠముపై నుంచి పూజించి, ఆనాడు చదువము. కాని మరునాడు తీసి చదువుదుము. ఉద్వాసన లేని పూజ ఈ పెట్టె.

ఇంతవరకు వ్రాసి, నన్ను నేను విడిచిపెట్టుట న్యాయము కాదు. మా నాయనగారు బైండు చేయించిన చందమామ సంపుటములు పదునాలుగు మా యింట కలవు. ఈ కొండలలో వానకాలమున తడిగాలికి కాగితము బూజు పట్టును గనుక, వేపాకు పెట్టి, మాఘమాసపు ఎండలో ఆరవేసి, మరల బీరువాలో పెట్టి తాళము వేయుచుంటిని. పాఠశాలలో చదువుటకు కథలు లేవని పిల్లలు మొరపెట్టిన సంవత్సరములలో కూడ ఆ తాళము తీయలేదు. నలుగునని భయము. చింపుదురని భయము. నాకు పసుపు చీటీ లేదు, సంఖ్య లేదు. పెట్టె మాత్రము కలదు. "మరి లోపలి కథో?" అన్న ప్రశ్న మావానికి తగిలినంత నాకును తగిలినది.

పండుగ వెళ్లిన మూడవనాడు మావాడు మరల వచ్చెను. తెచ్చిన పుస్తకము ధర ఇప్పుడు దానిని పరీక్షించి బిగించుటకైన ఖర్చునకును తక్కువయని ముందే చెప్పియుండెను. "తెరుద్దాం, మాస్టారూ" అని పెట్టె అంచును సుత్తెతో మెల్లగా కొట్టి విడదీసెను. ఆ పిల్లను పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఇంగ్లీషు మాటలను కువిలో చెప్పుచు పుట వెంబడి పుట త్రిప్పెను. నడుమ ఒకచోట ఆమె నవ్వెను. అతడు తాను మరచిన దేదో జ్ఞప్తికి వచ్చినట్లు ఒక బొమ్మయొద్ద చాలసేపు ఆగెను. మిగిలిన ఇరువదితొమ్మిదిని ఏమి చేయునో నేనడుగలేదు.

ఆ సాయంకాలమే నేను బీరువా తాళము తీసితిని. చేతులు కడుగుకొని రావలెను. ఒకేసారి ఇద్దరు బల్లయొద్ద కూర్చుండి చదువవలెను. వ్రేలిని తడిచేసి పుట త్రిప్పరాదు. నియమము లింతే. మొదటి వారములోనే ఒక పుట మూల చిరిగినది. పలుచని కాగితమును అన్నపు గంజితో అతికించితిని.