గడప దాటిన పొరపాటు

తెలుగు ఇంటిలో గడపకు ప్రత్యేక స్థానం ఉంది. దానికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెడతారు. దానిని తొక్కి నిలబడరాదని పిల్లలకు చెబుతారు. అతిథి దానికి ఇవతలే పాదరక్షలు విడిచి లోనికి వస్తాడు. వీధికీ ఇంటికీ, రాజ్యానికీ వ్యక్తికీ నడుమ గల సరిహద్దు అదే. ఆ సరిహద్దును దాటే అధికారాన్ని చట్టం కొందరు ఉద్యోగులకు ఇచ్చింది. నేరస్థుణ్ణి పట్టుకోవడానికి, దొంగసొత్తును వెలికితీయడానికి ఆ అధికారం అవసరమన్న విషయంలో వివాదం లేదు. అయితే ఒక పోలీసు అధికారి ఆ అధికారంతోనే పొరపాటున వేరొకరి ఇంట ప్రవేశించి, పొరపాటు తెలిసి వెనుదిరిగినప్పుడు ఆ గృహస్థు కర్తవ్యం ఏమిటి? జరిగినది మరచిపోవడమా, ఫిర్యాదు చేయడమా? పైకి చిన్నదిగా కనిపించే ఈ ప్రశ్నలో క్షమకూ న్యాయానికీ గల సంబంధం ఇమిడి ఉంది.

ఇటువంటి పొరపాటుకు దురుద్దేశం అక్కరలేదు. పట్టణాలలో ఒకే ఇంటికి పాత నంబరు, కొత్త నంబరు ఉంటాయి. ఒకే నంబరుకు గీత పెట్టి అక్షరం చేర్చిన వాటాలు నాలుగైదు ఉంటాయి. ఒకే వీధిలో ఒకే పేరు గలవారు ఇద్దరు ముగ్గురు ఉండడం, ఇంటిపేరు సైతం కలవడం అరుదు కాదు. అద్దెకున్నవాడు ఖాళీ చేసి వెళ్ళినా అతని చిరునామా కాగితాలలో మిగిలిపోతుంది. ఒక ఉదాహరణను ఊహించవచ్చు. రాత్రి పదకొండు గంటలకు తలుపు తట్టిన సబ్ ఇన్‌స్పెక్టరు, తాను వెతుకుతున్న మనిషి మూడు నెలల కిందటే ఆ వాటా విడిచి వెళ్ళాడని అరగంట తరువాత తెలుసుకుంటాడు. "పొరపాటయింది" అని ఒక మాట అని వెళ్ళిపోతాడు. ఆ అరగంటలో పిల్లలు నిద్ర లేచి ఏడ్చారు. ఇంటి యజమాని వరండాలో నిలబడి ప్రశ్నలకు జవాబు చెప్పాడు. ఇల్లాలు బీరువా తెరిచి చూపింది. ఎదురిళ్ళ కిటికీలలో దీపాలు వెలిగాయి. జీపు రావడం వీధి అంతా చూసింది. పొరపాటని ఒప్పుకొని వెళ్ళడం ఎవరూ చూడలేదు. ఎవరినీ కొట్టలేదు, ఏ వస్తువూ పోలేదు. అయినా ఆ ఇంటి నుంచి ఏదో పోయింది. దాని పేరు పంచనామాలో రాయడానికి వీలులేనిది.

ఈ సమస్య కొత్తది కాదు. మహాభారతం ఆదిపర్వంలోని మాండవ్యుని వృత్తాంతం సరిగ్గా దీనిని గురించినదే. మాండవ్యుడు మౌనవ్రతంలో ఉండగా దొంగలు సొత్తుతో వచ్చి అతని ఆశ్రమంలో దాగారు. వెనుకనే వచ్చిన రాజభటులు దొంగలు ఏ దారిన పోయారని అడిగారు. ముని పలకలేదు. భటులు ఆశ్రమం వెతికి సొత్తును, దొంగలను పట్టుకొని, మౌనాన్ని నేరాంగీకారంగా భావించి మునిని కూడా రాజు వద్దకు తీసుకుపోయారు. రాజు అందరినీ కొరత వేయించాడు. తపోబలం వల్ల మాండవ్యుడు మరణించలేదు. పొరపాటు తెలిసిన రాజు వచ్చి పాదాలపై పడ్డాడు. ముని ప్రసన్నుడయ్యాడు. కొరతను పైకి తీయబోతే రాలేదు. బయటి భాగాన్ని కోసివేయగా మొన శరీరంలోనే నిలిచిపోయింది. అప్పటి నుంచి అతడు అణిమాండవ్యుడయ్యాడు.

కథ ఇక్కడితో ముగిసి ఉంటే అది క్షమను బోధించే నీతికథ మాత్రమే అయ్యేది. కాని రాజును క్షమించిన మాండవ్యుడే నేరుగా ధర్మదేవత సభకు వెళ్ళి, ఏ పాపానికి తనకీ శిక్ష అని నిలదీశాడు. బాల్యంలో పురుగులను గడ్డిపరకతో గుచ్చిన పాపానికి ఇది ఫలమని ధర్ముడు చెప్పాడు. అల్ప దోషానికి ఇంతటి దండన తగదని ముని ధర్మునికే శాపమిచ్చాడు. పదునాలుగేళ్ళ లోపు చేసిన పనికి పాపం అంటరాదని ఒక మర్యాదను కూడా స్థాపించాడు. ఆ శాపఫలంగా ధర్ముడు విదురుడై పుట్టాడు. ఇందులో గమనించదగినవి రెండు. మొదటిది, వ్యక్తిని క్షమించడం వేరు, వ్యవస్థను ప్రశ్నించడం వేరు. ఒకే మనిషి ఒకే విషయంలో రెండూ చేయవచ్చు. రెండవది, ఆ ఫిర్యాదు ఫలం మాండవ్యునికి దక్కలేదు. మొన అతని శరీరంలోనే ఉంది. నియమం మాత్రం లోకంలోని పిల్లలందరికీ దక్కింది.

క్షమ విషయంలో సాధారణంగా ఎదురయ్యే వాదం ఒకటుంది. అధికారి కావాలని చేయలేదు. సద్భావంతో చేసిన పనికి ఫిర్యాదు ఎందుకు? ఈ వాదంలో బలం లేకపోలేదు. అయితే సద్భావం అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. భారతీయ చట్టాలలోనే దీనికి రెండు నిర్వచనాలు ఉన్నాయి. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం ప్రకారం నిజాయితీతో చేసినది సద్భావంతో చేసినదే. అందులో అజాగ్రత్త ఉన్నా లేకపోయినా భేదం లేదు. 1860 నాటి భారత శిక్షాస్మృతి ఇందుకు భిన్నమైన మార్గం తొక్కింది. తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసినది సద్భావంతో చేసినట్లు కాదని దాని నియమం. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా ఈ రెండవ అర్థాన్నే నిలుపుకొంది. నీతి దృష్టితో చూసినా ఇదే సమంజసం. బలహీనుని అజాగ్రత్త అతనికే నష్టం చేస్తుంది. అధికారం గలవాని అజాగ్రత్త ఇతరుల ఇంట్లో దిగుతుంది. కనుక అధికారం ఎంత పెద్దదో, దానితో కూడిన జాగ్రత్త అంత పెద్దదై ఉండాలి. తలుపు తట్టే ముందు పక్కింటివారిని అడిగి పేరు, తండ్రి పేరు సరిచూసుకొన్న అధికారి చేసిన పొరపాటు ఒకటి. ఏదీ చూడకుండా తలుపు తోసిన అధికారి చేసిన పొరపాటు వేరొకటి. ఆ భేదాన్ని నిర్ణయించడానికి విచారణ కావాలి. విచారణకు ఫిర్యాదు కావాలి. ఆ విధంగా చూస్తే ఫిర్యాదు అధికారిపై తీర్పు కాదు. జాగ్రత్తగా మెలగిన అధికారికి అది రక్షణ కూడా.

ఇంటి గడపకు రాజ్యాంగంలో గల స్థానాన్ని గురించి భారత సుప్రీంకోర్టు తొలిసారి లోతుగా ఆలోచించినది ఖరక్ సింగ్ వ్యాజ్యంలో. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్‌ను ఒక బందిపోటు కేసులో నిందితునిగా పట్టుకొని, సాక్ష్యం లేనందున విడిచిపెట్టారు. అయినా పోలీసులు అతని పేర హిస్టరీ షీటు తెరిచారు. రాత్రివేళ ఇంటికి వచ్చి తలుపు తట్టి, కేకలు వేసి నిద్రలేపేవారు. 1962 డిసెంబరులో వెలువడిన తీర్పులో న్యాయమూర్తులందరూ ఈ రాత్రి సందర్శనలు చెల్లవన్నారు. కాని అధికసంఖ్యాకులు ఏకాంతతకు రాజ్యాంగంలో హామీ లేదన్నారు. రాజమండ్రిలో జన్మించి, ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన కోకా సుబ్బారావు, జస్టిస్ షాతో కలసి దీనితో విభేదించారు. ఏకాంతత హక్కు వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని అంశమని, శరీరాన్ని బంధించకుండానే మనసును బంధించవచ్చునని ఆయన అభిప్రాయం. ఆ భిన్నాభిప్రాయం ఐదు దశాబ్దాలకు పైగా గ్రంథాలలో వేచి ఉంది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి వ్యాజ్యంలో ఏకాంతత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా ప్రకటించి, ఖరక్ సింగ్ తీర్పులో దానికి విరుద్ధమైన భాగాన్ని తోసిపుచ్చింది. పోలీసు హిస్టరీ షీటులోకి ఎక్కిన ఒక సామాన్యుడు "ఇది అన్యాయం" అని కాగితం మీద పెట్టకపోతే ఈ చర్చకు నాంది ఉండేది కాదు.

ఫిర్యాదుకు వ్యతిరేకంగా చెప్పే మరొక మాట, దాని వల్ల ఫలితమేముందని. ఈ నిరాశకు కారణాలు ఉన్నాయి. తరచుగా ఫిర్యాదును స్వీకరించేది ఫిర్యాదు ఎవరిపైనో వారి కార్యాలయమే. తన వ్యాజ్యంలో తానే తీర్పరి కారాదన్న సూత్రానికి ఇది విరుద్ధం. జాతీయ పోలీసు కమిషన్ 1979లో సమర్పించిన తన మొదటి నివేదికలోనే పోలీసులపై వచ్చే ఫిర్యాదుల విచారణ పద్ధతిని పరిశీలించింది. 1993 నాటి చట్టంతో జాతీయ మానవ హక్కుల కమిషన్ ఏర్పడింది. ఘటన జరిగిన ఏడాదిలోపు దానికి ఫిర్యాదు చేసుకోవాలి. 2006 సెప్టెంబరులో ప్రకాశ్ సింగ్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, జిల్లా స్థాయిలోనూ రాష్ట్ర స్థాయిలోనూ విశ్రాంత న్యాయమూర్తుల అధ్యక్షతన పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థలను నెలకొల్పాలని ఆదేశించింది. ఆ ఆదేశం అన్ని రాష్ట్రాలలో ఒకే తీరున అమలు కాలేదు. అయినా మార్గం ఉన్నదని తెలిసినవారు దానిపై నడవకపోతే ఆ మార్గంలో గడ్డి మొలుస్తుంది.

ఇక్కడ ప్రశ్న మరింత గంభీరమవుతుంది. పొరపాటున సోదాకు గురైన ఉద్యోగికో ఉపాధ్యాయునికో కాగితం, కలం, పరిచయాలు ఉన్నాయి. అవి లేనివారి మాట ఏమిటి? 1871 నాటి నేరస్థ తెగల చట్టం కొన్ని జాతులను జన్మతోనే అనుమానితులుగా ముద్రవేసింది. తెలుగునాట బాపట్ల సమీపంలోని స్టువర్టుపురం ఆ చట్టం నీడలో ఎరుకలవారి కోసం ఏర్పరచిన సెటిల్‌మెంటు. ఆ చట్టం 1952లో రద్దయింది. అనుమానం మాత్రం అంత త్వరగా రద్దు కాలేదు. అటువంటి ఇళ్ళ తలుపు తట్టడాన్ని ఎవరూ పొరపాటు అనరు, అలవాటు అంటారు. పొరపాటు అనే మాటను వినే అర్హత కూడా అందరికీ సమానంగా లేదన్నమాట. చదువుకున్న గృహస్థు తన ఇంటి విషయాన్ని లిఖితపూర్వకంగా నమోదు చేయించినప్పుడు, ఒక సోదాకు ముందు ఏమేమి సరిచూడాలన్న నియమం బలపడుతుంది. ఆ నియమం అతని వీధితో ఆగదు. "నాకు ప్రమాదమేమీ జరగలేదు కదా" అని అతడు ఊరుకుంటే, ఆ మౌనం మాండవ్యుని మౌనంలా వ్రతం కాదు, సౌకర్యం మాత్రమే.

అయితే ఫిర్యాదుకు కూడా ఒక ధర్మం ఉంది. అది కోపం చల్లారక ముందు రాసేది కారాదు. జ్ఞాపకం చల్లారిన తరువాత రాసేదీ కారాదు. తేదీ, వేళ, వచ్చినవారి సంఖ్య, వారు చెప్పిన కారణం, చూపిన లేదా చూపని ఉత్తర్వు, తెరిచిన గదులు, సాక్షులుగా నిలిచిన ఇరుగుపొరుగువారు: ఇవి ఉన్నవి ఉన్నట్లు రాయాలి. అధికారి మర్యాదగా మాట్లాడి ఉంటే ఆ మాట కూడా రాయాలి. సోదాకు ముందు కారణాలను లిఖితపూర్వకంగా నమోదు చేయాలని, స్థానికులైన స్వతంత్ర సాక్షుల సమక్షంలో జరపాలని చట్టం చెబుతుంది. కొత్త నాగరిక సురక్షా సంహిత సోదాను దృశ్య, శ్రవణ రూపంలో చిత్రీకరించాలని కూడా విధించింది. వీటిలో ఏది జరిగింది, ఏది జరగలేదు అని అడగడం గృహస్థుని హక్కు. అధికారి ఉద్యోగం పోవాలని కోరడం ఫిర్యాదు లక్ష్యం కానక్కరలేదు. పొరపాటును పొరపాటని కాగితం మీద ఒప్పుకోవాలని, అది ఇరుగుపొరుగుకు తెలియాలని, తప్పుడు చిరునామాను రికార్డు నుంచి తొలగించాలని కోరవచ్చు. ఈ మూడింటిలో ప్రతీకారం ఏదీ లేదు.

ఫిర్యాదును అందుకునేవారికీ ధర్మం ఉంది. రసీదు ఇవ్వడంలో జాప్యం, "ఇంత చిన్న విషయానికా" అనే చిరునవ్వు, రాజీపడమని మధ్యవర్తుల చేత చెప్పించడం పొరపాటుకు రెండవ పొరపాటును చేర్చడమే అవుతాయి. మొదటిది చీకటిలో తెలియక జరిగింది. రెండవది పగటి వెలుగులో తెలిసి జరుగుతుంది. నిజానికి ఆ కాగితం ప్రభుత్వంపై పౌరునికి ఇంకా మిగిలి ఉన్న నమ్మకానికి సాక్ష్యం. నమ్మకం లేనివాడు ఫిర్యాదు రాయడు, తలుపు గడియ మరింత బిగిస్తాడు.

మాండవ్యుని కథలో రాజు పాదాలపై పడ్డాడు, పశ్చాత్తాపపడ్డాడు. అయినా మొనను తీయలేకపోయాడు. జరిగిన రాత్రిని వెనక్కు తీసుకునే శక్తి ఏ క్షమాపణకూ లేదు. కాని న్యాయం చెప్పవలసినవాడు మనిషిగా పుట్టి, మనుషుల మధ్య బ్రతికి, విదురుడై రాజుకు ధర్మం చెప్పవలసి వచ్చిందంటే, అది ఒక బాధితుడు ఊరుకోకుండా వెళ్ళి అడిగినందువల్లనే. గడప లోపలి శాంతి చెదిరినప్పుడు దానిని గడప బయట మర్యాదగా, స్పష్టంగా చెప్పడమే గృహస్థుని ధర్మం. దానిని నిలబడి వినడం రాజ్యధర్మం.