నడిపివాడి తాబేళ్ళు

తెనాలిలో పోస్టాఫీసు ఉద్యోగం చేసి రిటైరైన ఒక తాతయ్య ఉండేవాడు. వేసవి సెలవులకి ముగ్గురు మనవలూ హైదరాబాదు నుంచి దిగుతున్నారని తెలియగానే, ఈసారి వాళ్ళ పేర్లతో స్టిక్కర్లు తనే చేసిపెడదామనుకున్నాడు. ఆ మాట చెవినపడి నాయనమ్మ, "నాకూ ఒక అట్ట చెయ్యండి, మెరూన్, నాలుగో నంబరు" అంది. ఆవిడ లెక్కలో స్టిక్కరంటే బొట్టే.

బజార్లో దొరికే స్టిక్కరు పేపరు ఆయనకి నచ్చదు. తడి చెయ్యకుండానే అంటుకునే లేబుళ్ళు అమెరికాలో స్టాంటన్ ఏవరీ అనే ఆయన 1935లో మొదలుపెట్టాడు. తపాలా బిళ్ళ అంతకన్నా పాతది, 1840 నాటిది. వెనక ఎండిన జిగురుంటుంది, తడి తగిలితే అంటుకుంటుంది. ముప్ఫయ్యేళ్ళు స్టాంపులమ్మిన మనిషికి అదే అసలు పద్ధతి. తుమ్మబంక పలుకుల్ని రాత్రి వేడినీళ్ళలో నానేసి, పొద్దున్నే పాత పంచె గుడ్డలో వడగట్టాడు. ఎండాక పెటపెటలాడి విరిగిపోకుండా చెంచాడు పంచదార కలిపాడు. బొమ్మలు గీసి, రంగులేసి, వెనక కుంచెతో జిగురు పూసి, దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేశాడు. ఆరేసరికి కాగితాలన్నీ వేయించిన అప్పడాల్లా వంకర్లు తిరిగిపోయాయి. శబ్దరత్నాకరం కింద రెండ్రోజులు అణిచిపెట్టాల్సొచ్చింది. ఆ నిఘంటువు ఆ ఇంట్లో చోటు కదిలి ఎన్నాళ్ళయిందో!

పెద్దవాడికి సింహం, క్లాసులో ఫస్టు కాబట్టి. చిన్నదానికి చిలక, నోరు మూతపడదు కాబట్టి. నడిపివాడికి తాబేలు. వాడు అన్నం గంటసేపు తింటాడు, చెప్పులు పావుగంట వేసుకుంటాడు. ప్రతి బొమ్మ కిందా గుండ్రటి అక్షరాల్లో ఎవరి పేరు వాళ్ళది. తలకి పన్నెండు, ఒకటి ఎక్కువా లేదు, తక్కువా లేదు. పిల్లలు బొమ్మకన్నా ముందు లెక్కే చూస్తారని ఆయనకి తెలుసు.

సింహాలు సాయంత్రానికల్లా క్రికెట్ బ్యాటూ వాటర్ బాటిలూ ఎక్కేశాయి. చిలకలు గోడలనిండా వాలాయి. తాబేళ్ళు మాత్రం ఎక్కడా కనపడలేదు. "దాచుకున్నాడు, వాడికి పొదుపెక్కువ" అని తాతయ్య మురిసిపోయాడు.

మూడోరోజు పొద్దున పేపరు చదవబోతూ కళ్ళజోడు డబ్బా తీస్తే మూత మీద తాబేలు. చేతికర్ర మీద తాబేలు. పడక్కుర్చీ చేతుల మీద చెరొకటి, మాత్రల డబ్బా మీద ఒకటి, పాత సైకిలు సీటు మీద ఒకటి. వెతికి లెక్కపెడితే పన్నెండూ ఆయన సామాన్ల మీదే తేలాయి. ప్రతిదాని మీదా వాడు తన పేరు బాల్‌పెన్నుతో కొట్టేసి "తాతయ్య" అని రాశాడు.

నాయనమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "వాడన్నదాంట్లో తప్పేముంది? బజారుకెళ్ళి కొత్తిమీర కట్ట తేవడానికి మీకెంతసేపు పడుతుందో నాకు తెలీదూ!"

ఆయనకి కోపమొచ్చింది. ఎవరి మీదో తేల్చుకోలేక కాసేపటికి అదే పోయింది. తడిగుడ్డ తెచ్చుకుని ఒక్కొక్క తాబేలునీ నానబెట్టి వలుస్తుంటే నడిపివాడొచ్చి పక్కన కూచున్నాడు.

"ఒరే, నీకేం బొమ్మ కావాలో ముందే చెప్పొచ్చుగా?"

"నువ్వడగలేదుగా తాతయ్యా."

"ఇప్పుడడుగుతున్నా, చెప్పు."

"జేసీబీ."

ఆయన జన్మలో జేసీబీ గీసి ఎరగడు. కాలవలు కట్టేసిన రోజులవి. ఊళ్ళో కాలవలో పూడిక తీస్తుంటే ఇద్దరూ గొడుగేసుకుని గట్టు మీద గంటన్నర నిలబడ్డారు. పెద్దవాడైతే పది నిమిషాలకే ఐస్‌క్రీం అడిగేవాడు. వీడు ఒక్కో కీలూ ఎక్కడ మడతపడుతుందో చూపించి చెబుతుంటే తాతయ్య పాత మనియార్డరు ఫారం వెనక గీసుకున్నాడు. ఈసారి పన్నెండు స్టిక్కర్లూ వాడి బ్యాగు మీదికెక్కాయి.

నీతి: పిల్లలకి పేరు పెట్టే అధికారం పెద్దవాళ్ళకి బారసాలతోనే అయిపోతుంది. ఆ తర్వాత మనం పెట్టేవన్నీ ముద్రలే. మొద్దు, వాగుడుకాయ, నత్తనడక, క్లాస్ ఫస్ట్. ఆ చివరిది కూడా ముద్రే. సింహం వచ్చే ఏడాది సెకండొస్తే ఆ బ్యాటు ఎక్కడ దాచుకుంటాడో ఆలోచించండి. ముద్దుకే అన్నాం అంటాం. తాతయ్య కూడా తాబేలుని ముద్దుగానే గీశాడు, గీతలో వంకేమీ లేదు.

ఇంట్లో ఈ పని మొదలుపెట్టేవాళ్ళు కుంచె ముట్టుకునేముందు ఏ బొమ్మ కావాలో పిల్లల్నే అడగండి. జేసీబీ అన్నారనుకోండి, ముందు బకెట్టు వెడల్పుగానూ, వెనకది సన్నంగా, పళ్ళతోనూ ఉంటుంది. ఆ తేడా రాకపోతే స్టిక్కరు తిరిగొచ్చేస్తుంది.