చైనా కారుకు ఆప్తవాక్య పరీక్ష

చైనా సరుకంటే చవక, నాలుగు రోజుల్లో మూలపడేది అన్న అభిప్రాయం విజయనగరం గంటస్తంభం దగ్గరైనా, శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలోనైనా ఒకటే. టార్చిలైట్లు, ఆటబొమ్మల కాలంలో స్థిరపడిన మాట అది. అప్పట్లో చాలావరకు నిజం కూడా. ఇప్పుడు అదే దేశం కార్లు పంపుతోంది. 1995లో షెన్‌జెన్‌లో బ్యాటరీల కంపెనీగా మొదలైన బీవైడీ, 2023 చివరి మూడు నెలల్లో పూర్తి విద్యుత్ కార్ల అమ్మకాల్లో టెస్లాను దాటేసింది. మరుసటి ఏడాది అమెరికా చైనా విద్యుత్ కార్లపై సుంకాన్ని 100 శాతం చేసింది. ఐరోపా సమాఖ్య ఉన్న 10 శాతానికి తోడు 35.3 శాతం దాకా అదనంగా వడ్డించింది. హైదరాబాదుకు చెందిన మేఘా ఇంజనీరింగ్‌తో కలిసి ఇక్కడే కార్లు తయారుచేస్తామన్న బీవైడీ ప్రతిపాదనను 2023లో మన కేంద్రం తోసిపుచ్చింది. అదే మేఘా సంస్థల్లో ఒకటైన ఒలెక్ట్రా, బీవైడీ సాంకేతికతతో తయారుచేసిన బస్సులు మాత్రం 2022 నుంచి తిరుమల ఘాట్ రోడ్డు మీద భక్తులను మోస్తున్నాయి. కారును శంకించి, బస్సులో గోవింద నామం చెప్పుకుంటూ కొండెక్కడంలో తర్కం ఉందా? మాటనైనా వస్తువునైనా పుట్టిన చోటును బట్టి కాదనడం ధర్మమేనా? మన దర్శనకారులు పదిహేను వందల ఏళ్ల కిందటే దీని మీద ఆలోచించారు.

ఇతరుల మాట కూడా ప్రమాణమేనని గౌతముడి న్యాయసూత్రాలు ఒప్పుకున్నాయి, చెప్పేవాడు ఆప్తుడైతే. ఎవరీ ఆప్తుడు? భాష్యకారుడు వాత్స్యాయనుడు రెండు షరతులు పెట్టాడు. విషయాన్ని స్వయంగా ఎరిగి ఉండాలి. ఎరిగింది ఎరిగినట్టు చెప్పే ఉద్దేశం ఉండాలి. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమేనని కూడా ఆయనే రాశాడు. కులగోత్రాలు అడగందే మంచినీళ్లివ్వని సమాజంలో ఇది సాహసమే. ఇక సంశయాన్ని న్యాయదర్శనం తన పదహారు పదార్థాల్లో మూడోదిగా లెక్కించింది. సందేహించడం తప్పని ఎక్కడా అనలేదు. సందేహం విచారణగా మారి నిర్ణయం దాకా వెళ్లాలంది. అక్కడికి పోకుండా, తనకంటూ ఒక పక్షం లేకుండా, ఎదుటివాణ్ణి కొట్టేయడమే పనిగా పెట్టుకుంటే దానికి ఆ జాబితాలోనే వేరే పేరుంది: వితండ. చైనా కార్ల మీద మన టీకొట్ల దగ్గర జరిగే వాదనల్లో ఎక్కువ భాగం వితండే. ఏ పరీక్షలో నెగ్గితే నమ్ముతావయ్యా అంటే జవాబుండదు.

మనవాడైతే చాలు నమ్మవచ్చన్న మాటకు సిక్కోలు జిల్లాలోనే ఎదురు రుజువుంది. సోంపేట దగ్గర బీల అనే చిత్తడి నేలలో థర్మల్ విద్యుత్ కేంద్రం తలపెట్టింది హైదరాబాదు కంపెనీయే. పర్యావరణ అనుమతి ఇచ్చింది మన ప్రభుత్వమే. ఆ నేల కాగితాల మీద పనికిరాని భూమి అయిపోయింది. రైతులు, మత్స్యకారులు ఆ కాగితాన్ని నమ్మలేదు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ అనుమతిని రద్దు చేసింది. బీల జనం సందేహం నిర్ణయం దాకా నడిచింది. బండ్ల విషయంలోనూ మనవాడన్న భరోసా నిలవలేదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాదులో ఇళ్లలోనే విద్యుత్ స్కూటర్ల బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ బండ్ల మీద ఉన్నవి దేశీ పేర్లే. లోపలి సెల్‌లు బయటివి కదా అని సమర్థించుకునేవాళ్లున్నారు. సెల్‌లను ప్యాకుగా కూర్చి, వేడెక్కకుండా చూసుకునే బాధ్యత బండి అమ్మినవాడిదే. తర్వాత కేంద్రం ఏఐఎస్-156 బ్యాటరీ పరీక్షలను కఠినం చేసింది. సరైన దారి అది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ వేడిని బాగా తట్టుకుంటుందని బీవైడీ అంటే, ఆ బ్యాటరీలో మేకు దించి మనమూ పరీక్షించి చూడవచ్చు.

గల్వాన్ మాటేమిటని అడుగుతారు. 2020 జూన్‌లో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబుతో పాటు మొత్తం 20 మంది సైనికులు అక్కడ చైనా సైన్యంతో ఘర్షణలో అమరులయ్యారు. ఆ కోపంతో చైనా కారు కొననంటే అది గౌరవించదగ్గ నిశ్చయం. కానీ కొనననడం వేరు, కారు నాసిరకమనడం వేరు. అంతకంటే గట్టి ఆక్షేపణ ఇంకొకటుంది. ఈ కార్ల నిండా కెమెరాలు, మైకులు, ఇంటర్నెట్. దేశ గూఢచార పనికి సంస్థలన్నీ సహకరించాలని చైనా 2017లో చట్టం చేసింది. అంటే వాత్స్యాయనుడి రెండో షరతు ఇక్కడ చాలదు; కంపెనీకి నిజం చెప్పాలని ఉన్నా చెప్పే స్వేచ్ఛ లేదు. ఈ సందేహాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అయితే అది నిలవాల్సింది సాఫ్ట్‌వేర్, డేటాల దగ్గర; బ్యాటరీ దగ్గర కాదు. సమాచారం ఈ దేశంలోనే నిల్వ ఉండాలి, సాఫ్ట్‌వేర్‌ను మన నిపుణులు విప్పి చూడగలగాలి. ఆ నిబంధన అమెరికా కారుకూ, దేశీ కారుకూ వర్తించాలి.

ఇక ఆధారపడటం. 2025 ఏప్రిల్‌లో చైనా కొన్ని అరుదైన మూలకాలు, వాటి అయస్కాంతాల ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేయగానే మన వాహన కంపెనీలు ఇబ్బందిపడ్డాయి. ఆ అయస్కాంతాలకు కావలసిన నియోడిమియం మోనజైట్‌లో ఉంటుంది. మోనజైట్ శ్రీకూర్మం తీరపు ఇసుకలో ఉంది. ఇసుక ఉంది, శుద్ధిచేసి అయస్కాంతం చేసే నేర్పును మాత్రం చైనా దశాబ్దాలుగా పెంచుకుంది. దాన్ని మనం సంపాదించాలంటే ఆ ఇసుక తవ్వాలి, మోనజైట్‌లోనేమో రేడియోధార్మిక థోరియం కూడా ఉంది. అప్పుడు ప్రశ్న షెన్‌జెన్‌కు కాదు, మన సంస్థలకే వేయాలి. ప్రభుత్వానికి నా విన్నపం ఒక్కటే: శ్రీకూర్మం ఉన్న గార మండలంలో ఈ తవ్వకంపై ప్రజాభిప్రాయ సేకరణ పెట్టేముందు నివేదికలన్నీ తెలుగులో, జనం చదువుకునేంత వ్యవధి ఉండేలా ఊరూరా ఇవ్వండి.