సాధనకు సాధనాలా?

సాధన అన్న మాటకూ సాధనం అన్న మాటకూ తెలుగులో ఒక్క సున్నా తేడా. ఆ సున్నా దగ్గరే మా అక్కకూ నాకూ పేచీ వచ్చింది.

మాది షోలాపూరు, తూర్పు భాగం. తాతలు తెలంగాణం నుంచి మగ్గాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నాన్న చద్దర్లు నేశాడు, అక్క బీడీలు చుట్టింది, నేను బడిపంతులునై రెండు పనులూ తప్పించుకున్నాను. అక్కకిప్పుడు డెబ్భై నాలుగేళ్లు. ఒళ్లో చేట పెట్టుకుని నలభై ఏళ్లు వంగి కూర్చున్న మనిషి. ఆ కూర్చోవడమంతా ఇప్పుడు ఆమె నడుములో, మోకాళ్లలో నిలిచిపోయింది.

డాక్టరు యోగాసనాలు వెయ్యమన్నాడు. పుణెలో అయ్యంగారి పద్ధతిలో నేర్చుకుని వచ్చినావిడ ఒకామె మా పేటలో నేర్పుతుంది. అక్క నాలుగు రోజులు వెళ్లి వచ్చి ఇంట్లోనే మొదలుపెట్టింది. ఆమె సరంజామా ఇది: ఒక ఇనప మడత కుర్చీ, నాలుగు చద్దర్లు, వడ్రంగి చేత కోయించిన రెండు చెక్క దిమ్మలు, చనిపోయిన మా బావ పాత ధోవతి చింపి కుట్టిన పట్టీ.

నేను ముప్ఫై ఏళ్లుగా షాబాదు బండలమీద ఒక్క చద్దరు పరుచుకుని ఆసనాలు వేస్తున్నవాణ్ని. ఊరుకోలేకపోయాను. "ఇది యోగమా అక్కా, సామాన్ల దుకాణమా? గోడ పట్టుకుంటే ఎవరైనా నిలబడతారు" అన్నాను.

"గోడకు లేని నామోషీ నీకెందుకు తమ్మీ?" అంది అక్క.

నా మాటలో అహంకారం లేదనను. కానీ అహంకారం ఒక్కటే కాదు. వస్తువులను తగ్గించుకుంటూ పోవడానికి పుట్టిన విద్యకు మళ్లీ వస్తువులు తగిలించడమేమిటన్నది నా అసలు బాధ. పుణెలో ఉన్న మా అన్నకొడుకు ఒకేసారి సెట్టంతా కొన్నాడు: రంగుల చాప, నురుగు దిమ్మలు, గుండ్రని బాలీసు, వాటిని మోసే సంచీ. సంచీ బీరువామీద ఉంది. చాప నిరుడు సంక్రాంతికి పిండివంటలు ఆరబెట్టడానికి దిగింది. అతణ్ని చూస్తే నా వాదమే గెలిచినట్టుండేది.

పేచీలో గెలవడానికి పుస్తకాలు తిరగేశాను. అవి నావైపు రాలేదు. గీత ఆరో అధ్యాయంలో ధ్యానానికి కూర్చునేవాడు దర్భ, చర్మం, బట్ట వరసగా పరుచుకోవాలనీ, ఆసనం మరీ ఎత్తూ మరీ పల్లమూ కాకూడదనీ ఉంది. అది సామాన్ల పట్టీ కాక మరేమిటి? హఠయోగ ప్రదీపిక ఇంకా ముందుకు పోయి గది ఎలా ఉండాలో, తలుపెంత ఉండాలో, నేల ఎలా అలకాలో చెబుతుంది. ధౌతి అనే శుద్ధికి నాలుగు వేళ్ల వెడల్పు, పదిహేను మూరల పొడవు గల బట్టను మెల్లగా మింగమంటుంది. నేతవాళ్ల ఇంట పుట్టిన నాకు ఆ కొలత చదవగానే ముందు నూలు లెక్క తోచింది, తరవాతే వాంతి వచ్చినట్టయింది.

అన్నిటికన్నా నన్ను ఓడించింది హంపి. 1528లో కృష్ణదేవరాయల కాలంలో చెక్కిన ఆ నరసింహమూర్తి ఎత్తు ఇరవై రెండడుగులు. నేను రెండుసార్లు చూశాను. కోరలు చూశాను, గుడ్లు చూశాను, మోకాళ్లను కలిపి పట్టిన పట్టీని చూసీ చూడనట్టు వచ్చేశాను. దాని పేరు యోగపట్టం. శబరిమల అయ్యప్ప మోకాళ్లకూ అదే. హిరణ్యకశిపుణ్ని చీల్చినవాడికి మోకాళ్లు కదలకుండా ఒక పట్టీ కావలసివస్తే, నలభై ఏళ్లు బీడీలు చుట్టినామెకు బావ ధోవతి ముక్క ఎక్కువయిందా?

ఇక్కడ రెండో పక్షమూ చెప్పాలి. మైసూరులో కృష్ణమాచార్యుల దగ్గర నేర్చుకున్న ఇద్దరు రెండు దారులు పట్టారు. బి.కె.ఎస్. అయ్యంగారు చిన్నతనమంతా జబ్బుమనిషి. 1937లో పుణె చేరి, ఏ ఒంటికి ఏది అడ్డొస్తుందో చూసి దుప్పట్లు, చెక్కలు, తాళ్లు, కుర్చీలు ఒక్కొక్కటే పాఠంలోకి తెచ్చారు. పట్టాభి జోయిస్ మైసూరులోనే ఉండి ఊపిరి లెక్కతో ఒక వరసలో ఆసనాలు నేర్పారు. అందులో చాప తప్ప సామాను దాదాపు లేదు. ఒకే గురువు నోటి విద్య. కాబట్టి సామాను లేనిదే శుద్ధమనీ, ఉన్నదే శాస్త్రీయమనీ కొట్టుకునేవాళ్లిద్దరూ ఆ గురువును సాక్షికి పిలవలేరు.

ఇదంతా తెలిసీ నేను మారలేదు. చదువుతో మనిషి మారితే పంతుళ్లందరూ మహాత్ములై ఉండేవారు. ఒక తెల్లవారుజామున పశ్చిమోత్తానాసనంలో నుదురు మోకాళ్లకు ఆనిస్తున్నప్పుడు నడుములో ఏదో కలుక్కుమంది. ఐదు వారాలు మంచంమీద ఉన్నాను. వేళకు అన్నం పెట్టింది అక్కే. ఒక్క దెప్పుడు మాట అనలేదు. అంటే బాగుండేది.

లేచాక ఆ పంతులమ్మ దగ్గరికి వెళ్లాను. రెండు చద్దర్లు గట్టిగా మడిచి అంచుమీద కూర్చోబెట్టింది. పాదాలకు పట్టీ వేసి రెండు కొసలూ నా చేతికిచ్చింది. "వంగకండి సార్. ముందు వీపు నిలబెట్టండి" అంది. వీపు నిలబెడితే నుదురు మోకాళ్లకు మూరెడు పైన ఆగిపోయింది. ముప్ఫై ఏళ్లుగా తుంటి దగ్గర వంగవలసింది వీపు గూని చేసి వంగుతూ వచ్చాను. నుదురు తగిలింది కదా అని ఆసనం వచ్చిందనుకున్నాను. ఉత్తి నేలమీద అబద్ధం ఆడింది నేను, దాన్ని బయటపెట్టింది బావ ధోవతి.

త్రికోణాసనంలో కింది చేతికి చెక్క దిమ్మ పెట్టినప్పుడూ అంతే. నేల తాకాలన్న ఆత్రం పోయేసరికి, నేల తాకడానికి ఇన్నాళ్లూ ఛాతీని ఎలా కిందికి తిప్పేశానో తెలిసింది. సర్వాంగాసనానికి భుజాల కింద మడిచిన చద్దర్లు పెట్టి తల వాటి అంచు దాటి నేలమీద ఆనేట్టు పడుకుంటే మెడమీద బరువు తగ్గుతుంది. దీనికి మా షోలాపూరు చద్దరు బంగారం. దళసరి నూలు, మడిస్తే పలకలా నిలుస్తుంది. నురుగుది భుజం కింద కుంగిపోతుంది. అయితే మనవాళ్ల సరుకని లేని గొప్ప చెప్పను: నున్నటి టైల్సుమీద కాళ్లు ఎడంగా పెట్టి నిలబడే ఆసనాలకు చద్దరు పనికిరాదు, జారుతుంది. అక్కడ జారని రబ్బరు చాపే కావాలి. షాబాదు బండ అయితే వట్టి కాళ్లు చాలు. కుర్చీ కాళ్లకు రబ్బరు తొడుగులుండాలి, వీపు గోడకు ఆనాలి. దిమ్మకు తొమ్మిదంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు, మూడు మందం. ఒకటే దిమ్మ మూడు ఎత్తులిస్తుంది. ఇంతకు మించి కొనవలసినవి నాకు కనబడలేదు.

నాన్న మగ్గంమీద ఒక పుల్ల ఉండేది. బట్ట పన్నా తగ్గకుండా రెండంచులకూ సూదులు దిగేలా అడ్డంగా పెట్టేవాడు. నేత సాగినకొద్దీ దాన్ని తీసి ముందుకు జరిపేవాడు. చద్దరు దిగాక పుల్ల మగ్గం దగ్గరే ఉండిపోతుంది. ఆసరా అంటే అలా ఉండాలని నాకొక సూత్రం దొరికిందనుకున్నాను: నా తప్పు నాకు చూపాలి, పని కాగానే తప్పుకోవాలి.

ఆ సూత్రం పట్టుకుని మళ్లీ అక్క మీదికే వెళ్లాను. వృక్షాసనంలో ఆమె ఇప్పుడు కుర్చీ తాకకుండా నిలబడగలదు. పంతులమ్మే కుర్చీ తియ్యవచ్చంది. అక్క తియ్యదు. చేతికందేంత దూరంలో పెట్టుకుంటుంది. "పని అయిపోయింది కదక్కా" అన్నాను.

"మీ బావ పోయినంక నేను పట్టుకొనేదేదన్న ఉన్నదంటే గీ కుర్చే. ఉండనీ తమ్మీ" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆ సాయంత్రం మా మనవరాలు వచ్చింది. మార్కండేయుడి పండగకు తెలుగులో నాలుగు మాటలు చెప్పాలట. మరాఠీ బడి పిల్ల. తెలుగు మాటలన్నీ దేవనాగరిలో రాసుకుంది. నెల క్రితమైతే కాగితం చింపి, ముందు అ ఆ లు దిద్దమనేవాణ్ని. వాళ్ల నాన్నకు అలాగే చేశాను. వాడు తెలుగు చదవడమూ మానేశాడు, నా ముందు మాట్లాడటమూ తగ్గించాడు. ఈసారి చదవమన్నాను. చక్కగా చదువుతూ "కొడుకు" దగ్గర "కోడుకు" అంది, "చెరువు" దగ్గర "చేరువు" అంది. తప్పు పిల్లది కాదు. మరాఠీ రాతలో ఈ పొట్టి అచ్చులకు చోటు లేదు. ఇంట్లో మాట్లాడేటప్పుడు సరిగ్గానే అంటుంది, కాగితం చూసినప్పుడే తప్పుతుంది. ఆ సంగతి చెబితే కాసేపు ఆలోచించి, "మీ లిపిలో రెండుంటాయా తాతా? ఎట్లుంటయి, చూపించు" అంది.

ఇప్పుడా కాగితంమీద మరాఠీ అక్షరాల నడుమ అక్కడక్కడా తెలుగు కొ, తెలుగు చె కూర్చుని ఉన్నాయి. నిన్న "మీ లిపి" అనడం మాని, "మరి బొ ఎట్ల రాస్తరు?" అని అడిగింది. అక్క కుర్చీ పట్టుకుని ఒంటికాలిమీద నిలబడి వింటోంది.