యాభయ్యవ ఏట లేవీయుడు



సంఖ్యాకాండము 8వ అధ్యాయము చివర చూడండి. లేవీయులు 25వ ఏట గుడారపు సేవలో చేరాలి, 50వ ఏట విరమించాలి. ఇంటికి పొమ్మని కాదు, తోటివారికి సాయపడవచ్చును. బరువు మాత్రం చిన్నవారి భుజాలకు మారాలి.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సు 2014లో 58 నుండి 60కి, 2022లో 62కి పెరిగింది. తెలంగాణలో 2021లో 61 అయింది. తండ్రి ఊపిరి పీల్చుకొన్న ఇంటిలోనే గ్రూప్స్ పరీక్షలకు చదివే కుమారుడు తల దించుకొన్నాడు. కుర్చీ ఖాళీ అయితేనే గదా నియామకము! ఆ తండ్రిని నేను తప్పు పట్టను. కుమార్తె పెండ్లి, ఇంటి అప్పు ఆయన మీదనే ఉన్నవి.

కాని పింఛను వస్తూ, పిల్లలు స్థిరపడి, పలుకుబడితో మరల అదే కుర్చీలో కాంట్రాక్టు మీద కూర్చుండేవారిని అడుగుతున్నాను: వేరొకరి బిడ్డ మొదటి జీతము మీకెందుకు?

మా గురువులకూ ఈ మాట వర్తిస్తుంది. 75 ఏండ్లు నిండిన విచారణ గురువు రాజీనామా సమర్పించాలని తిరుసభ చట్టము 538 కోరుతుంది. నాకింకా చాలా ఏండ్లున్నవి గనుక సులువుగా చెబుతున్నానని మీరు నవ్వవచ్చు.

విరమించిన ఉపాధ్యాయులు, గుమాస్తాలు ఇద్దరు ముగ్గురు వస్తే చాలు. ఆదివారపు పూజ తరువాత మన పిల్లలకు పాఠము చెప్పడానికి విచారణ గదిలో బల్లలు వేయించి ఉంచాను.